కొండెక్కిన బండి

నాన్నగారికి విశాఖపట్నం నుంచి షిల్లాంగ్‌కు బదిలీ అయినప్పుడు మా సామాన్ల లారీలో మంచాలు, బీరువా, పుస్తకాల పెట్టెలతో పాటు నాలుగు చక్రాల చిన్న బండి ఒకటి ఎక్కింది. దాన్ని క్వాడ్ బైక్ అంటారు. పిల్లలు నడిపే 110 సిసి బండి. విశాఖలో మా పక్క క్వార్టర్‌లో ఉన్న అంకుల్‌కు బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు ఆయన తక్కువ ధరకు మాకు అమ్మేశారు. బదిలీల ఇళ్ళలో వస్తువులు ఇలాగే చేతులు మారతాయని మీకు చెప్పనక్కరలేదు. మీ ఇంట్లో కూలరో సైకిలో ఇలా వచ్చిందే ఉంటుంది.

మేమిద్దరం అక్కాతమ్ముళ్ళం. పెద్దది పదో తరగతి, చిన్నవాడు ఏడో తరగతి. బండి నడిపేది ఎక్కువగా చిన్నవాడే. రోడ్డు మీద కాదు. ఇలాంటి బండికి రోడ్డు మీద అనుమతి లేదు, మాకు లైసెన్సూ లేదు. క్వార్టర్ల వెనక కంచె వేసిన ఖాళీ స్థలంలో, అనుమతి అడిగి, హెల్మెట్, బూట్లు, చేతి తొడుగులు వేసుకుని, ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరు దగ్గరున్నప్పుడే నడుపుతాం.

షిల్లాంగ్‌లో లారీ దింపిన మరుసటి ఆదివారం బండి స్టార్టు చేశాం. నాలుగైదు సార్లు దగ్గి అందుకుంది. కాని యాక్సిలరేటర్ నొక్కితే వేగం పెరగడానికి బదులు గొంతు పూడుకుపోయినట్టు బొబొబొ అంటూ ఆగిపోయింది. వెనక నల్లటి పొగ. విశాఖలో నిన్నగాక మొన్న చక్కగా తిరిగిన బండి ఇది!

విజయనగరం దగ్గర మా తాతయ్యకు పొలం ఉంది. ఒకప్పుడు ఆ పొలానికి ఆయిల్ ఇంజనుతో నీళ్ళు తోడేవారు. ఆయనకు ఫోను చేశాం. ఆయన బండి కంపెనీ అడగలేదు, ధర అడగలేదు. "పొగ ఏ రంగురా?" అని అడిగారు.

ఆ ఒక్క ప్రశ్నలో సగం వైద్యం ఉందని తరవాత తెలిసింది. పొగ నల్లగా ఉంటే ఇంజనుకు అందే గాలికి మించి పెట్రోలు పడుతోందని అర్థం. నీలంగా ఉంటే ఇంజను ఆయిల్ మండుతోంది. చలికాలం పొద్దున స్టార్టు చేసినప్పుడు కాసేపు కనిపించే తెల్లటిది ఆవిరి, దానికి భయపడక్కరలేదు. మాది నలుపు. "అయితే దానికి ఊపిరాడటం లేదు. ముక్కు చూడండి" అన్నారు తాతయ్య.

ఇంజను ముక్కు అంటే ఎయిర్ ఫిల్టర్. సీటు కింద పెట్టెలో ఉండే స్పాంజి ముక్క. తీసి చూస్తే విశాఖ ఇసుక, ఆయిల్ కలిసి నల్లటి ముద్దలా ఉంది. దీన్ని పెట్రోలుతో కడిగేవాళ్ళున్నారు, అలా చేయకూడదు. పెట్రోలు ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో ముంచి, గుప్పిట్లో పట్టి నొక్కాలి. బట్టల్లా పిండితే స్పాంజి చిరుగుతుంది. తరవాత నీడలో ఆరబెట్టాలి. విశాఖలో అయితే ఒక పూటకే ఆరేది. షిల్లాంగ్ వానల్లో మా స్పాంజి మూడు రోజులు వంటింట్లో వేలాడింది. అమ్మ దాన్ని గిన్నెలు తోమే స్పాంజి అనుకోకుండా కాగితం మీద రాసి పక్కన కట్టాం. ఆరిన తరవాత కొద్దిగా ఆయిల్ పట్టించి, ఎక్కువైనది నొక్కి తీసేయాలి. ఆ జిడ్డే ధూళిని పట్టి ఉంచుతుంది.

ఫిల్టర్ పెట్టాక పొగ తగ్గింది. కాని బండికి పాత ఊపు రాలేదు. అప్పుడు నాన్నగారి ఆఫీసు వాహనాల షెడ్డులో పనిచేసే అంకుల్ ఒకరు వచ్చి చూశారు. ఇంజను పూర్తిగా చల్లారాక స్పార్క్ ప్లగ్ విప్పమన్నారు. విప్పేముందు దాని చుట్టూ ఉన్న మట్టి తుడవాలి, లేకపోతే అది లోపల పడుతుంది. ప్లగ్ కొస రంగు చూస్తే లోపల మంట ఎలా ఉందో తెలుస్తుంది. లేత కాఫీ రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా కాలినట్టుంటే గాలి ఎక్కువ, ఇంజను అతిగా వేడెక్కుతోంది. తడిగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. మా ప్లగ్ దీపం చిమ్నీలా మసిబారి ఉంది. బ్రష్షుతో తుడిచి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజితో చూశాం. మా బండికి అది 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. మళ్ళీ బిగించేటప్పుడు ముందు చేత్తోనే తిప్పాలి. మొదటి నుంచే పానా పెడితే మరలు అడ్డం పడి ఇంజను తలకే దెబ్బ తగులుతుంది.

"మీ బండికి జబ్బు లేదు, దానికి బదిలీ అయింది. అంతే!" అని అంకుల్ హిందీలో నవ్వుతూ అన్నారు.

ఎలాగంటే, ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 15 గ్రాముల గాలి కావాలి. విశాఖ సముద్రమట్టం దగ్గరుంది. షిల్లాంగ్ దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం సముద్రమట్టం దగ్గరకంటే సుమారు 15 శాతం తక్కువ. అంటే ఇంజను ప్రతి గుక్కలోనూ తక్కువ బరువు గాలి పీలుస్తుంది. కార్బురేటరుకు ఆ సంగతి తెలియదు. గాలి తగ్గినంతగా అది పెట్రోలు తగ్గించదు. అందుకే నల్లపొగ, మసి. నాన్నగారి కొత్త స్కూటరు కూడా ఇదే కొండ ఎక్కింది, దానికేమీ కాలేదు. అందులో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. సెన్సర్లు చూసి పెట్రోలు కొలత అదే మార్చుకుంటుంది. మా బండికి ఆ పని మనుషులు చేసిపెట్టాలి.

అమ్మమ్మ దీపం ఆరిపోయిందని ఎప్పుడూ అనదు, కొండెక్కింది అంటుంది. ఈ మాట విన్నప్పుడల్లా మాకు ఇప్పుడు మా బండే గుర్తొస్తోంది.

మేం చూసిన మరో వింత టైర్లలో ఉంది. ఈ బండి టైర్లు బుడగల్లా లావుగా ఉంటాయి, వాటిలో గాలి చాలా తక్కువ ఉండాలి. కారుకు 30 పిఎస్ఐ దాకా పెడతారు, మా బండికి 4 చాలు. పెట్రోలు బంకులో గాలి పెట్టిస్తే టైరు పాడవుతుంది, పేలవచ్చు కూడా. అంత తక్కువ పీడనం చూపించే గేజి వేరుగా దొరుకుతుంది, సైకిల్ పంపుతో గాలి పెట్టుకుంటే చాలు. విశాఖలో 4 పెట్టి పంపిన టైరు షిల్లాంగ్‌లో 5 చూపించింది. ఎవరూ గాలి కొట్టలేదు! ఘాట్ రోడ్డులో బస్సెక్కినప్పుడు చిప్స్ పాకెట్ ఉబ్బడం చూశారు కదా, అదే సంగతి. లోపలి గాలి మారలేదు, బయట నుంచి నొక్కే గాలి తగ్గింది. కొంచెం గాలి వదిలి మళ్ళీ 4కు తెచ్చాం. కుడి ఎడమ టైర్లలో గాలి సమానంగా లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. ఈ అంకెలు మా బండివి. మీ దగ్గరున్న దానికి దాని పుస్తకంలోనూ టైరు మీదా ఉన్న అంకెలే చూడండి.

ఇక కార్బురేటరు. ఇందులో మాకు పనికొచ్చినవి మూడు. ఒకటి ఐడిల్ స్క్రూ. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజను ఎంత వేగంతో తిరగాలో ఇది చెబుతుంది. రెండోది గాలి స్క్రూ. దీన్ని ముందు మెల్లగా లోపలికి తిప్పి, అంటగానే ఆపాలి. ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోవాలి. మా బండిలో అది ఒకటిన్నర చుట్టు దగ్గర ఉంది. ఇంజను వేడెక్కాక ఒక్కో పావు చుట్టూ బయటికి తిప్పుతూ విన్నాం. రెండు చుట్ల దగ్గర చప్పుడు శుభ్రపడి వేగం కొంచెం పెరిగింది. అక్కడ ఆపి ఐడిల్ స్క్రూతో వేగం తగ్గించాం. కొన్ని బండ్లలో ఇదే స్క్రూ గాలిని కాక పెట్రోలును అదుపు చేస్తుంది, అప్పుడు తిప్పే దిశ తిరగబడుతుంది. కాబట్టి పుస్తకం చూడకుండా ముట్టుకోవద్దు.

మూడోది సూది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు పైకి లేచి పెట్రోలుకు దారి ఇచ్చే సన్నటి ఇత్తడి సూది. దాని మీద ఐదు గాడులు, ఒక గాడిలో చిన్న క్లిప్పు. క్లిప్పును ఒక గాడి పైకి మారిస్తే సూది అంతమేర కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. ఈ పని అంకుల్ చేశారు, మేం టార్చి పట్టుకున్నాం. బండి ఊపిరి తీసుకుంది. పాత బలం మొత్తం మాత్రం రాలేదు, రాదు కూడా. గాలే తక్కువైనప్పుడు ఎంత సర్దినా ఆ లోటు కొంత మిగులుతుంది.

ఇప్పుడు చెప్పబోయేది మా తప్పు.

కార్బురేటరు పని అయ్యాక అంకుల్ వెళ్ళిపోయారు. ట్యాంకు, సీటు మేమే బిగించాం. వాన మొదలయ్యేలా ఉంది, చిన్నవాడికి తొందర. యాక్సిలరేటర్ కేబులు ట్యాంకు కింద మడతపడింది, మేం చూడలేదు. హ్యాండిల్ తిన్నగా ఉన్నంతసేపు అంతా బాగుంది. కంచె దగ్గర చిన్నవాడు ఎడమకు తిప్పగానే కేబులు లాగుకుపోయింది. బొటనవేలు తీసేసినా ఇంజను అరుస్తూ బండి ముందుకు దూకింది. బండి వేగం తగ్గించడానికి మీట కింద ఒక స్క్రూ ఉంటుంది. అమ్మ మాట మీద దాన్ని బాగా లోపలికి తిప్పి పెట్టాం. అది కూడా ఆదుకోలేదు. ఆ స్క్రూ బొటనవేలిని ఆపుతుంది కాని మధ్యలో మడతపడిన కేబులును ఆపలేదు.

ఆదుకున్నది తాడు. బండి వెనక కిల్ స్విచ్‌కు ఒక తాడు ఉంటుంది, లాగితే ఇంజను ఆగిపోతుంది. పెద్దది ఆ తాడు పట్టుకుని వెనక నడుస్తోంది. ఒక్క లాగు లాగింది. బండి కంచెకు రెండడుగుల దూరంలో ఆగింది. చిన్నవాడు దిగాక చాలాసేపు మాట్లాడలేదు. ఇద్దరం అక్కడే తడుస్తూ కూర్చున్నాం. సాయంత్రం నాన్నగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాం. ఆయన కోప్పడలేదు. రెండు వారాలు తాళం చెవి తన దగ్గరే పెట్టుకున్నారు.

అప్పటి నుంచి స్టార్టు చేసే ముందు మా పద్ధతి ఇది. ఇంజను ఆపి ఉండగానే యాక్సిలరేటర్ నొక్కి వదులుతాం. టక్కున చప్పుడు చేస్తూ వెనక్కి రావాలి. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి మళ్ళీ అదే చేస్తాం. తరవాత ఇంజను స్టార్టు చేసి, బండి ఎక్కకుండా పక్కన నిలబడి, న్యూట్రల్‌లో ఉంచి హ్యాండిల్ రెండు పక్కలకూ తిప్పుతాం. చప్పుడు మారకూడదు. మారితే ఆ రోజుకు బండి లేదు. తాడు లాగి ఇంజను ఆగుతోందో లేదో చూసి మళ్ళీ స్టార్టు చేస్తాం. తాడు చేతికి చుట్టుకోం, పట్టుకుంటాం, అవసరమైతే వదిలేయగలిగేలా. బ్రేకులు తోసి చూస్తాం. ఇదంతా మూడు నిమిషాల పని.

గొలుసు గురించి రెండు మాటలు. విశాఖ ఉప్పుగాలికి మా గొలుసు ఎర్రగా తుప్పుపట్టింది. ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాకే దాని జోలికి వెళ్ళాలి. పళ్ళచక్రానికి, గొలుసుకు మధ్య వేలు పడితే వేలు మిగలదు. కిరసనాయిలులో ముంచిన బ్రష్షుతో రుద్ది, తుడిచి, ఆయిల్ పట్టించాం. మధ్యలో వేలితో ఎత్తితే ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు కదలాలి. ఇంజను ఆయిల్ మార్చినప్పుడు పాత ఆయిల్‌ను సీసాలో పట్టి షెడ్డుకు ఇచ్చేశాం. కాలవలో పోస్తే అది వాగులోకి పోతుంది.

ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాం. ఒక పేజీకి విశాఖ, మరో పేజీకి షిల్లాంగ్ అని పేరు పెట్టాం. మొన్న నాన్నగారికి మళ్ళీ ఆర్డరు వచ్చింది, ఈసారి జోధ్‌పుర్. అక్కడి ఎత్తు 250 మీటర్లు కూడా లేదు, గాలి మళ్ళీ చిక్కగా ఉంటుంది. షిల్లాంగ్ కొలతలతోనే అక్కడ నడిపితే పెట్రోలు చాలక ప్లగ్ తెల్లబడుతుంది, ఆ ఎండలో ఇంజను మరీ వేడెక్కుతుంది. అందుకని మూడో పేజీ ఇప్పుడే మొదలుపెట్టాం. క్లిప్పు ఒక గాడి కిందికి. గాలి స్క్రూ ఒకటిన్నర చుట్టు నుంచి మొదలు. ఎడారి ధూళికి ఫిల్టర్ నడిపిన ప్రతిసారీ చూడాలి, కడిగితే పూటలో ఆరుతుంది. టైర్లు వదులవుతాయి, గాలి పెట్టాలి. లారీ ఎక్కించే ముందు ట్యాంకులోనూ కార్బురేటరులోనూ పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి.