పాత కారు షాకబ్జర్లు - మన ఫిజిక్స్ పాఠం

నేను ఇప్పుడు ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్నాను. అయితే ఈ పాఠం క్లాసులో విన్నది కాదు. తుర్కయంజాల్‌లో మా ఇంటి ముందు, చేతులకు గ్రీజు పూసుకొని నేర్చుకున్నది.

మా నాయిన తాపీ మేస్త్రీ. 2004 మోడల్ మారుతి 800 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఈ కారు 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. నెలకోసారి మా నానమ్మను అందులోనే దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రికి తీసుకుపోతాం. కాలనీలో స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ బండి ఊగుతూనే ఉండేది. "నా నడుం ఇరుగుతున్నది బిడ్డా" అనేది నానమ్మ. నాయిన నన్ను అడిగాడు: "గింత సదివినవు గదా, గిదేందో చూసి చెప్పు." నాకు జవాబు రాలేదు. డోలనాల పాఠంలో మార్కులు తెచ్చుకున్నాను గాని, ఆ పాఠం చక్రం వెనకాలే ఉందని ఎన్నడూ అనుకోలేదు.

స్ప్రింగ్ పని వేరు, షాకబ్జర్ పని వేరు

స్ప్రింగును ఎంత నొక్కితే అంత బలంగా తిరిగి నెడుతుంది. రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించిన నియమం ఇదే. ముందు చక్రం ఒక్కదాని మీద 200 కిలోలు పడుతున్నాయని, దాంతో స్ప్రింగ్ 15 సెంటీమీటర్లు నొక్కుకుందని అనుకుందాం. డోలన కాలానికి మన సూత్రం వేస్తే సుమారు 0.8 సెకను వస్తుంది. అంటే గుంతలో పడ్డ బండి 0.8 సెకనుకు ఒకసారి పైకీ కిందికీ ఊగుతుంది. ఆపేది లేకపోతే చాలాసేపు ఊగుతూనే ఉంటుంది.

ఆపేది షాకబ్జర్. దాని గొట్టంలో నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కు సన్నటి దారులు ఉంటాయి. సైకిల్ పంపు మూతిని వేలితో సగం మూసి కొడితే చేతికి ఎలా అడ్డుపడుతుందో, ఇక్కడ నూనె అలా అడ్డుపడుతుంది. ఊగే శక్తి వేడిగా మారిపోతుంది. పుస్తకంలో అవరుద్ధ డోలనాలు అని చదివాం కదా, అవే ఇవి. మారుతి 800 ముందు వైపు స్ప్రింగ్, షాకబ్జర్ రెండూ కలిసి ఒకే స్తంభంలా ఉంటాయి. దీనిని మాక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. 1940లలో అమెరికా ఇంజనీరు ఎర్ల్ మాక్‌ఫర్సన్ రూపొందించాడు.

పోయిందని ఎలా తెలుస్తుంది?

బండి మూలను రెండు చేతులతో గట్టిగా నొక్కి వదలండి. ఒకటి, ఒకటిన్నర ఊపులో ఆగితే మంచిదే. ఇంకా ఊగుతుంటే షాకబ్జర్ పోయినట్లే. గొట్టం మీద నూనె కారినా, టైరు అక్కడక్కడ గుంతలుగా అరిగినా అనుమానించాలి. గుంతల్లో టక్ టక్ శబ్దం వస్తే రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు కూడా చూడాలి.

ఇంట్లో చేసిన పని

మెకానిక్ పని తెలిసిన మా మేనమామ పక్కన నిలబడ్డాడు. ముందురోజు రాత్రే తుప్పు పట్టిన బోల్టులకు కిరోసిన్ రాశాం. తెల్లారి గట్టి, చదునైన నేల మీద బండి నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు మొద్దులు పెట్టాం. చక్రం నట్లు నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, ఆ తర్వాత జాకీ ఎత్తి, జాకీ స్టాండ్ల మీద నిలబెట్టాం. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరకూడదు. సిమెంటు ఇటుకలను అసలే నమ్మకూడదు, అవి చెప్పకుండా పగులుతాయి.

చక్రం తీసి, బ్రేకు గొట్టాన్ని స్ట్రట్ నుంచి విడదీశాం. హబ్ ఆ గొట్టానికి వేలాడకుండా కింద చెక్క పెట్టాం. కింది రెండు బోల్టులు ఊడదీశాక నేను బానెట్ లేపి, స్ట్రట్ పైన నడుమ ఉన్న పెద్ద నట్టుకు పానా తగిలించాను. మామ ఒక్క కేక వేశాడు: "ఆగు అల్లుడా, ఆ నట్టు ముట్టకు!"

ఎందుకో తర్వాత లెక్క వేసుకున్నాను. బండిని ఎత్తినా స్ప్రింగ్ పూర్తిగా సాగదు. దాన్ని పట్టి ఉంచేది ఆ నడిమి నట్టే. పైన వేసిన లెక్కలో, బండి బరువు మోస్తున్న స్ప్రింగులో ఉండే శక్తి 147 జౌళ్లు. అంటే 15 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినంత. బండిని ఎత్తాక కొంత తగ్గినా, మిగిలింది చాలు, మొహం పగలడానికి. ½kx² అని వందసార్లు రాసిన నాకు ఆ సంగతి తట్టలేదు. బడి మధ్యలో మానేసిన మామకు తెలుసు.

చుట్టూ ఉన్న చిన్న నట్లు మాత్రమే విప్పి, స్ట్రట్‌ను మొత్తంగా బయటికి తీశాం. ఎల్.బి.నగర్ దాటాక ఉన్న ఆటోనగర్‌కు తీసుకుపోయి, స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న షాపులో కొత్త షాకబ్జర్ బిగించుకున్నాం. ఆ ఒక్క పని ఇంట్లో చేయకండి. మరుసటి ఆదివారం దాకా బండి కదపకుండా రెండో వైపు కూడా మార్చాం. ఒకవైపే మార్చితే బండి సమంగా నిలవదు. పాత లాక్ నట్లు పారేసి కొత్తవి వేసి, మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు బిగించాం. చక్రాలు బిగించగానే మెల్లగా నడిపి వీల్ అలైన్‌మెంట్ చేయించాం. అది చేయించకపోతే కొత్త టైర్లయినా ఓరగా అరిగిపోతాయి.

మరో మాట. స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని, దాన్ని 25 కిలోమీటర్ల వేగంతో దాటవచ్చని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే చెప్పింది. మన కాలనీల్లో ఇరుకుగా, నిటారుగా పోసినవే ఎక్కువ. కావున షాకబ్జర్లు కొత్తవైనా మెల్లగానే దాటండి.

ఆ నెల ఆసుపత్రికి పోతుంటే ఇంజాపూర్ దాటాక నానమ్మ అడిగింది: "రోడ్డు కొత్తగ ఏసిన్రా బిడ్డా?" నాయిన నా వైపు చూసి నవ్వాడు.

తమ్ముళ్లారా! మన ఇళ్లలో పుస్తకం చదివిన మొదటివాళ్లం మనమే కావచ్చు, పని తెలిసిన మొదటివాళ్లం మాత్రం కాదు. సూత్రం నేర్చుకోండి, పానా పట్టినవాళ్ల మాటా వినండి. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఏదో ఒక బండి మూల నొక్కి, ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టండి. మీ పాఠం అక్కడే మొదలవుతుంది.