చేతితో చేసిన చెక్క కానుక

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 35:30–35, మార్కు 6:1–3, అపొస్తలుల కార్యములు 9:36–42



క్రిస్మసు పండుగ సమీపించుచున్నది. ధాన్యము డబ్బు చేతికి రాకమునుపే పండుగ ఖర్చులు గడప యెక్కుచున్నవి. పిల్లలకు బొమ్మలు, పెద్దలకు కానుకలు కావలెను. ఇయ్యకున్న చిన్నతనముగా తోచును, ఇచ్చుటకు అప్పు చేయవలెను. అప్పు చేసి పప్పు కూడు అను సామెత మనకు తెలిసినదే. ఆ అప్పు సంక్రాంతి దాటి, వేసవి దాటి నిలిచియుండును. కాబట్టి ఈ నెల పాఠములో, ఇంటనున్న చెక్కతో మనమే కానుకలు చేయుటను గూర్చి ధ్యానించుదము.

1. లేఖనములలో చేతిపని

ప్రత్యక్ష గుడారపు పనికై దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి, తన ఆత్మతో నింపెను. అతని నేర్పులలో చెక్కను కోయుట ఒకటి. ఇతరులకు నేర్పు బుద్ధి కూడ దేవుడు అతనికిచ్చెనని 34వ వచనములో చూతుము.

నజరేతువారు మన ప్రభువును వడ్లవాడని పిలిచిరి. వారు చిన్నచూపుతో పలికిన ఆ మాట సంఘమునకు గౌరవమైనది. 2వ శతాబ్దములో జీవించిన జస్టిన్ అను క్రైస్తవ రచయిత, ప్రభువు నాగళ్లను, కాడులను చేసెనని వ్రాసెను. కాడి మెడకు ఒరసిన యెద్దు దున్నలేదని సేద్యము చేయు మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టిన వస్త్రములను పేతురుకు చూపిరి. ఆమె యెంత ఖర్చుపెట్టెనో ఎవరును చెప్పలేదు. ఆమె చేతిపనియే ఆమెను గూర్చి మాటలాడెను.

2. మొదట మనిషి, తరువాత వస్తువు

ఏమి చేయుదమని కాక, ఎవరికి చేయుదమని మొదట ఆలోచించవలెను. నేలమీద కూర్చుండి లేవలేని అవ్వకు ఎత్తైన పీట చేయవచ్చును. పాదములు నేలకు ఆనునట్లు ఆమె మోకాలి ఎత్తును ముందుగా కొలువవలెను. చూపు తగ్గిన తాతయ్యకు బైబిలు నిలుపుకొను ఏటవాలు పలక చాలును. పుస్తకము జారకుండ అడుగున సన్నని బద్ద కొట్టవలెను. వంటచేయు తల్లికి చెక్క అట్లకాడ, పసివానికి చక్రముల బండి చేయవచ్చును. మన వీధిలో ఈ యేడు ఎవరు ఒంటరివారైరో వారి పేరు మొదట వ్రాసికొందము.

3. చెక్కను ఎరుగుట

మన ప్రాంతపు బొమ్మల పనివారు చెక్కను ఎరిగి పనిచేయుదురు. ఏటికొప్పాకలో మెత్తని అంకుడు కర్రను తరిణె పట్టి, రంగు కలిపిన లక్కను తిరుగుచున్న బొమ్మకు ఒత్తెదరు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి అంటుకొనును. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. కొండపల్లిలో తేలికైన తెల్లపొణికి కర్రతో భాగములు వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన ముద్దతో అతుకుదురు.

మనము పచ్చి చెక్కతో పని మొదలుపెట్టరాదు. ఆరినకొలది చెక్క కుంచించుకొని బీటలు వారును. పాత తలుపు చెక్కయో, విరిగిన మంచపు పట్టెయో బాగుగా ఆరియుండును గనుక మేలు. మేకులన్నియు తీసివేసి, చెక్కలోని గీతలు సాగిన దిక్కుననే చిత్రిక పట్టవలెను. పిమ్మట ఉప్పు కాగితముతో అంచులన్నియు గుండ్రపరచి, అరచేతితో తడిమి చూడవలెను.

4. ప్రేమకు జాగ్రత్త తోడు

పాత రంగులలో సీసముండవచ్చును. అది పిల్లల మెదడుకు హాని. ఇంటి రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదని 2016లో మన దేశములో నియమము చేసిరి. కావున మూలనున్న పాత డబ్బా రంగు బొమ్మలకు వేయకుడి. పాత రంగున్న చెక్కను బొమ్మకు గాని వంట పనిముట్టుకు గాని వాడకుడి. గన్నేరు విషము, దానితో గరిటె చేయరాదు. పసివాని బండిలో నోట పట్టునంత చిన్న ముక్కలు ఊడిరాకుండ చూడవలెను. నునుపుకై అవిసె నూనె రుద్దినచో, తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడవేయకుడి. అది తనంతట తానే వేడెక్కి అంటుకొనగలదు. విప్పి ఆరుబయట ఆరవేయుడి.

పని తెలియనివారు ఊరి వడ్రంగి యొద్ద నేర్చుకొనవచ్చును. ఆయన వేళకు తగిన కూలి ఇచ్చుట కూడ పండుగ ధర్మమే. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడి. చెక్కను రుద్దు పని వారు చేయగలరు.

తన పీట ఎత్తు ఎవరో మోకాలు చూచి కొలిచిరని తెలిసిన అవ్వ, దానిమీద కూర్చున్నప్పుడెల్ల వారిని దీవించును. ఈ వారమే ఒక చెక్క వెదకి మొదలుపెట్టుదము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. బెసలేలుకు నేర్పుతోపాటు నేర్పించు బుద్ధిని దేవుడెందుకిచ్చెను?
2. మన సంఘములో ఏ కానుకయు అందనివారు ఎవరు?
3. ఈ పండుగకు అప్పు లేకుండ మనము ఇయ్యగలిగినదేమి?