బాల్య వివాహాలు: చట్టం ఉన్నా ఎందుకు ఆగడం లేదు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకుండానే పెళ్లయినవారు దేశంలో 23.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3, తెలంగాణలో 23.5.

పేదరికం ఒక్కటే కారణమంటే జవాబు సగమే. పనుల కోసం వలస వెళ్లే తల్లిదండ్రులు ఎదిగిన పిల్లను ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్లలేరు. పదో తరగతి అయ్యాక కాలేజీ దూరం, వేళకు బస్సు ఉండదు. చదువు మానగానే సంబంధాలు మొదలవుతాయి. పిల్ల చిన్నదైతే కట్నం తగ్గుతుందన్న లెక్క, మేనరికం, పరువు భయం దీనికి తోడు.

ఇక చట్టం సంగతికి వస్తే, 1929 శారదా చట్టం అమ్మాయిల కనీస వివాహ వయసును 14గా పెట్టింది. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం ఆ వయసు అమ్మాయికి 18, అబ్బాయికి 21. ఎక్కడైనా ఇలాంటి పెళ్లి తలపెట్టారని తెలిస్తే వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.