మిషన్ మొరాయిస్తే కంపెనీ వారితో పని చేయించుకొనుట ఎలా?

సభ్యులకు పాఠం

యాదగిరిగుట్ట చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో బోరు ఎండినా, పత్తి పోయినా, ఇంటి ఖర్చుకు చేతికొచ్చే డబ్బు పాల బిల్లే. ఆ బిల్లు నేడు కార్యదర్శి చేతిరాతతో కాక కంప్యూటరు లెక్కతో తయారవుతున్నది. కనుక కంప్యూటరు లెక్క తప్పితే నష్టపోయేది సభ్యులే. మిషన్ చెడినప్పుడు దానిని అమ్మిన కంపెనీ సాంకేతిక సిబ్బంది నుండి త్వరగా, సరైన సాయం పొందటం ప్రతి సంఘం నేర్చుకోవలసిన పని.

నష్టం ఎంత?

ఒక సభ్యురాలు పూటకు 5 కిలోల గేదె పాలు పోస్తుందనుకుందాం. అసలు వెన్న 6.5 శాతం, మిషన్ 6.2 చూపింది. తేడా 0.3 శాతం, అంటే 15 గ్రాముల వెన్న. కిలో వెన్నకు 800 రూపాయల ధర అనుకుంటే పూటకు 12 రూపాయలు, పది రోజుల బిల్లులో 240 రూపాయలు పోతాయి. మిషన్ ఎక్కువ చూపితే ఆ లోటు సంఘం మీద పడుతుంది. రెండూ అన్యాయమే.

తప్పు ఎక్కడ వున్నది?

మన కేంద్రంలో తూకం కాటా, మిల్క్ అనలైజరు, కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు, ప్రింటరు అని నాలుగు భాగాలున్నాయి. వీటిని కలిపే తీగలు వేరు. అన్నీ ఒకే కంపెనీవి కాకపోవచ్చు. తప్పు ఏ భాగంలో వుందో తెలియకుండా ఫోను చేస్తే ఒకరు మరొకరి మీదికి నెడతారు. అందుచేత ముందు ఈ పరీక్షలు చేయండి.

1. ఒకే శాంపిలును బాగా కలిపి మూడుసార్లు పెట్టండి. మూడు అంకెలు మూడు రకాలుగా వస్తే అనలైజరును అనుమానించాలి. ముందుగా నురుగు తీసి, గొట్టాలు కడిగి, కరెంటు వోల్టేజి చూడండి. నురుగు, పులిసిన పాలు, గొట్టంలో పేరుకున్న పాల పాచి రీడింగును చెడగొడతాయి.

2. అనలైజరు తెర మీది అంకె, కంప్యూటరులోని అంకె ఒకటేనా? వేరైతే, లేక కంప్యూటరుకు అసలు చేరకపోతే, తప్పు తీగలోనో సాఫ్ట్‌వేరులోనో వుంది. తీగను పీకి వేరే రంధ్రంలో పెట్టినా కంప్యూటరు అనలైజరును గుర్తించకపోవచ్చు.

3. అందరి ఎస్.ఎన్.ఎఫ్. ఒకే మేరకు తగ్గిందా? అయితే లెక్క సూత్రంలో కలిపే అంకె మారి వుండవచ్చు. ఈ అంకె అన్ని యూనియన్లలో ఒకటి కాదు. మన యూనియను వాడే అంకెను సూపర్‌వైజరును అడిగి గోడ మీద రాసి వుంచండి.

4. వెన్న సరిగ్గా వుండి రూపాయలు మాత్రమే తప్పయితే, ధరల పట్టిక ఏ తేదీ, ఏ పూట నుండి అమలులో వుందో చూడండి.

5. అనుమానం తీరకపోతే అదే శాంపిలును గెర్బర్ పరీక్ష చేయించండి.

ఫిర్యాదు ఎలా చెప్పాలి?

"సార్, మిషన్ పనిచేస్తలేదు, జల్ది రండి" అంటే అవతలివారికి ఏమీ తెలియదు. ఏ పనిముట్లు తేవాలో కూడా తెలియక వట్టి చేతులతో వస్తారు. ఇలా చెప్పాలి:

"మా సంఘం కోడు ఇది, అనలైజరు సీరియల్ నంబరు ఇది. నిన్న సాయంత్రం పూట నుండి అనలైజరు తెర మీద 6.4 వస్తే కంప్యూటరులో సున్నా పడుతున్నది. కాటా తూకం మాత్రం సరిగ్గా చేరుతున్నది. నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. తీగ బిగించి, కంప్యూటరు ఆపి మళ్ళీ వేసి చూశాం, ఫలితం లేదు. రేపు ఉదయం 5 గంటలకు పాలు మొదలవుతాయి."

తెర మీద వచ్చిన తప్పు సందేశాన్ని ఉన్నదున్నట్లు ఫోటో తీసి పంపండి. మనం ఏమి మార్చామో దాచవద్దు. దాస్తే వారికి దారి తప్పి, మనకు ఆలస్యమవుతుంది.

ఫోనులో వున్నప్పుడు ఫిర్యాదు నంబరు, మాట్లాడినవారి పేరు, వస్తామన్న గడువు రిజిస్టరులో రాయండి. వారు చెప్పిన మార్పులు ఒక్కొక్కటిగా చేసి ఫలితం చెప్పండి. ఏ మార్పుకైనా ముందు లెక్కల నకలు పెన్‌డ్రైవులో తీసుకోవాలి. దూరం నుండే మన కంప్యూటరును నడిపిస్తే కార్యదర్శి పక్కనే కూర్చోవాలి. బ్యాంకు ఓ.టి.పి. ఎవరు అడిగినా చెప్పరాదు.

అంతవరకు పాలు ఆగవు

బాగుపడే వరకు తూకం, పరీక్ష ఫలితం చేతితో రిజిస్టరులో రాసి సభ్యుని సంతకం తీసుకోవాలి. ఉజ్జాయింపుగా అందరికీ ఒకే వెన్న వేయరాదు. అట్లా చేస్తే మంచి పాలు పోసినవారు శిక్ష అనుభవిస్తారు. బాగుచేసిన తరువాత పరీక్ష జరపనిదే రశీదు మీద సంతకం పెట్టరాదు.

గడువు దాటితే?

వార్షిక నిర్వహణ ఒప్పందం తీసి చదవండి. ఎన్ని గంటల్లో రావాలి, ఏ విడిభాగాలకు డబ్బు కట్టాలి అన్నది అందులోనే వుంటుంది. పాలకవర్గం తీర్మానంతో కంపెనీకి లేఖ రాసి, నకలు యూనియనుకు పంపాలి. పక్క సంఘాల్లోనూ అదే తప్పు వుంటే తేదీలతో కలిపి ఒకే ఫిర్యాదు పంపండి. గుజరాత్ ఖేడా జిల్లా రైతులు 1946లో యూనియనుగా ఏర్పడింది ఒంటరి రైతు మాట వ్యాపారి వినడు గనుకనే. కంపెనీ వద్దా అదే సూత్రం పనిచేస్తుంది.

సభలో చర్చించండి

1. మన ఒప్పందం గడువు ఏ తేదీతో ముగుస్తుంది? ఆ కాగితం ఎవరి దగ్గర వుంది?
2. మన అనలైజరును గెర్బర్ పరీక్షతో చివరిసారి ఎప్పుడు సరిచూశారు?
3. కార్యదర్శి ఊరిలో లేనినాడు ఫిర్యాదు ఎవరు చేస్తారు?

ఈ మూడింటికి జవాబు చెప్పగల సంఘంలో మిషన్ చెడినా బిల్లు చెడదు.