మిగిలిన ఒత్తు శావిగలు

ఆదివారం పొద్దున. ఇంటికి చుట్టాలు వస్తారని కబురు వచ్చింది. అత్తా కోడలూ కలిసి రాగిపిండితో ఒత్తు శావిగలు చేసినారు. ఆరుగురు వస్తారనుకుంటే ఇద్దరే వచ్చినారు. గంపలో సగం శావిగలు మిగిలిపోయినాయి.

"పారేస్తే ఎట్లమ్మా? రాగులు ఊరికే వచ్చినాయా?" అంది అత్త. "మగవాళ్ళకూ పిల్లోళ్ళకూ అన్నం వండు. ఇవి రాత్రికి నువ్వూ నేనూ తిందాం."

కోడలు ఒప్పుకోలేదు. "ఈ ఎండకు రాత్రి దాకా నిలవవు అత్తా. ఇప్పుడే ఏదో ఒకటి చేద్దాం. చేసింది అందరమూ తిందాం."

అత్త మాటలో నిజం ఉంది. అనంతపురం సీమలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. అదీ ప్రతి ఏడూ పడదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. తూర్పు సముద్రం దూరం. ఇట్లాంటి నేలలో పండిన గింజ పారేయడానికి ఎవరికి మనసొస్తుంది?

పైగా శావిగలు చేయడం చిన్న పని కాదు. మరిగే నీళ్ళలో పిండి పోసి, ఉండలు కట్టకుండా గెలకాలి. ముద్దలు చేసి ఉడికించాలి. వేడి మీదనే మరలో పెట్టి ఒత్తాలి. ముద్ద చల్లారితే కిందికి దిగదు. ఒకరు ఒత్తితే ఒకరు పట్టాలి. చేతులు పడిపోతాయి.

కోడలి మాటలోనూ నిజం ఉంది. ఉడికిన పిండిలో తడి ఉంటుంది. తడీ వేడీ కలిస్తే కంటికి కనబడని క్రిములు పెరుగుతాయి. కొన్ని క్రిములు విషం వదులుతాయి. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వాసన బాగుంది కదా అని నమ్మడానికి లేదు. కాబట్టి ఎండాకాలంలో పొద్దున చేసినవి మధ్యాహ్నానికే వాడుకోవాలి. ఫ్రిజ్ ఉంటే మూత పెట్టి మరుసటి రోజు దాకా ఉంచవచ్చు. జిగురు సాగినా, పులిసిన వాసన వచ్చినా పెంటదిబ్బలో వేయాలి. అది దండగ కాదు. ఆసుపత్రి ఖర్చు అంతకంటే ఎక్కువ.

ఇంకో జాగ్రత్త. బెల్లం పాకం, పాలు, కొబ్బరి కలిపిన శావిగలు తొందరగా పాడవుతాయి. అందుకని ఎవరికి కావలసినంత వాళ్ళ తట్టలోనే కలుపుకోవాలి. గంపలోవి ఉత్తవిగా ఉండాలి.

మరి మిగిలిన వాటితో ఏం చేయాలి? మనకు ఉగ్గాని చేయడం వచ్చు కదా. బొరుగుల బదులు శావిగలు వేస్తే సరి. ముందు శావిగలను చేత్తో మెల్లగా విడదీయాలి. గట్టిపడి ఉంటే కాసిని నీళ్ళు చిలకరించాలి. బాణలిలో నూనె వేసి ఆవాలు, పచ్చిమిరప, ఎర్రగడ్డ, కరివేపాకు తిరగవాత పెట్టాలి. చిటికెడు పసుపు, ఉప్పు వేసి శావిగలు కలపాలి. బాగా పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. దించినాక పప్పుల పొడి చల్లి, నిమ్మకాయ పిండాలి. నిమ్మరసం పొయ్యి మీద పోస్తే చేదెక్కుతుంది. టమాటాలు చవకగా ఉన్నప్పుడు రెండు తరిగి తిరగవాతలోనే మగ్గించవచ్చు. అప్పుడు నిమ్మకాయ అక్కరలేదు.

ఇంట్లో మునగచెట్టు ఉంటే ఇంకా మేలు. గుప్పెడు ఆకు నూనెలో వేయించి, శెనక్కాయల పొడితో కలిపితే పిల్లలు కూడా తింటారు. మునగాకులో ఇనుము ఉంది. నిమ్మరసం ఆ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే మాత్రం సరిగా పట్టదు.

ఎండ మండుతున్న రోజు ఒత్తిన శావిగలను అప్పుడే ఎండబెట్టుకోవచ్చు. శుభ్రమైన గుడ్డ మీద పలుచగా పరచాలి. ఈగలు వాలకుండా పలుచటి బట్ట కప్పాలి. విరిస్తే టక్కుమని విరగాలి. అప్పుడు తడి లేని డబ్బాలో పోస్తే నిలవుంటాయి. వడియాల మాదిరి నూనెలో వేయించుకోవచ్చు, పాయసం చేసుకోవచ్చు. నిన్నటివి ఎండబెట్టకూడదు. లోపల పులుపు అట్లనే ఉంటుంది.

100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నం, అంటే కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. ఎముకలకూ పళ్ళకూ అది కావాలి. బిడ్డకు పాలిచ్చే తల్లికి కావాలి, ఎదిగే పిల్లవాడికి కావాలి. ఆ ఆదివారం తిరగవాత వాసనకు మగవాళ్ళు కూడా తట్టలు పట్టుకొని వచ్చినారు. రాత్రికి మిగల్లేదు.

చెప్పండి: మీ ఇంట్లో మిగిలిన కూడు ఎక్కువగా ఎవరు తింటారు? ఎందుకు?

రాయండి: మిగిలిన శావిగలతో మీ ఊర్లో చేసే వంట పేరు, అందులో వేసే వస్తువులు.