కేసు షీట్‌లో మొదటి వాక్యం



మీ సీనియర్ గారు నీకు అప్పగించిన మొదటి కేసు రోడ్డు ప్రమాదంలో కాలు విరిగిన తాపీమేస్త్రీదని మీ నాన్న చెప్పాడు. సెక్షన్లు ఆయన నేర్పుతారు. నేను చెప్పేది కేసు మీ ఆఫీసు మెట్లెక్కకముందే జరిగిపోయే సంగతి.

ముందు ఆసుపత్రి కేసు షీట్ తెప్పించుకుని చదువు. దెబ్బలు తగిలినవాణ్ని తీసుకొచ్చిన బావమరిది, పోలీసుల గొడవ మనకెందుకని, "బండి మీంచి జారిపడ్డాడండీ" అనేస్తాడు. డ్యూటీ డాక్టరు అదే రాస్తాడు. వారం పోయాక స్టేషన్లో లారీ గుద్దిందని ఫిర్యాదు ఇస్తారు. విచారణలో బీమా కంపెనీ వకీలు ఆ ఒక్క వాక్యం పట్టుకుని, లారీని తరవాత ఇరికించారంటాడు. నిజంగా గుద్దిన లారీ కూడా అక్కడితో చేజారిపోవచ్చు. అందుకే ఆసుపత్రిలో చేరినప్పుడే ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు) రాయించాలి, ఎఫ్ఐఆర్ ఆలస్యమైతే ఆ కారణం ఫిర్యాదులోనే ఉండాలి. పొరపాటు అప్పటికే పడిపోయిందా, కేసు షీట్ దిద్దించాలని మాత్రం చూడకు. బావమరిదినే సాక్షిగా బోనెక్కించి, ఆ మాట ఎందుకన్నాడో అతని నోటితోనే చెప్పించు. లేని వాహనాన్ని చూపిస్తామని వచ్చే దళారులను గుమ్మం తొక్కనివ్వకు. వాళ్ల దొంగ కేసుల వల్లే నిజంగా దెబ్బతిన్నవాళ్లను కూడా అనుమానంగా చూస్తున్నారు.

"మాకు ఇన్సూరెన్స్ లేదు కదండీ" అని ఊరుకునేవాళ్లు చాలామంది. గుద్దిన బండికి ఉండే థర్డ్ పార్టీ బీమా ఇలాంటివాళ్ల కోసమేనని వాళ్లకు విడమరిచి చెప్పు. ఆ బండికి బీమా లేకపోయినా యజమాని బాధ్యత పోదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో పరిహారం దరఖాస్తు వెయ్యాలి. ఆ గడువు మీద కోర్టుల్లో వాదాలు నడిచాయి, కానీ నీ కక్షిదారును వాటి మీద ఆధారపడనివ్వకు. మేస్త్రీ ఉంటున్న చోటి ట్రిబ్యునల్లోనూ వెయ్యొచ్చు కాబట్టి ప్రమాదం జరిగిన ఊరిదాకా కుంటుకుంటూ తిరగక్కర్లేదు.

వైకల్యం శాతం దగ్గర నిదానించు. సర్టిఫికెట్‌లో 30 శాతం అని ఉంటే చాలామంది సంపాదన కూడా 30 శాతమే తగ్గిందని లెక్క కట్టేస్తారు. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే ఆ లెక్క తప్పని చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు దాదాపు మొత్తం పోతుంది, అదే ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం నిలవొచ్చు. నీ మేస్త్రీ పరంజా ఎక్కగలడా? గొంతుక్కూర్చుని నేల పని చెయ్యగలడా? ఇది డాక్టరును సాక్ష్యంలో అడిగి రికార్డు చేయించు. సర్టిఫికెట్ దాఖలు చేసి ఊరుకుంటే సరిపోదు. రోజు కూలీకి ఆధారం లేదంటారు, అతన్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరును పిలువు, ఫోన్‌పేలో పడ్డ డబ్బుల లెక్క తియ్యి.

మందుల బిల్లుల మీద రోగి పేరు, తేదీ ఉండాలి, వాటికి తగ్గ చీటీలు పక్కనే ఉండాలి. ఎస్టిమేటు బిల్లు కాదు. ఆటో ఖర్చులు, సాయంగా ఉన్న మనిషి పోగొట్టుకున్న కూలీ కూడా రాయించి పెట్టు.

కాల్లో రాడ్డు వేశారట. దాన్ని తియ్యాలంటే ఇంకో ఆపరేషను కావాలి. ఆ ఖర్చు ఎంతవుతుందో డాక్టరు రాసివ్వకముందే రాజీకి ఒప్పుకోవద్దని చెప్పు. లోక్ అదాలత్ మంచిదే, కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు. ఇంటికి డబ్బు అవసరం ఎంత ఉన్నా, చదివి వినిపించని కాగితం మీద, ఖాళీ కాగితం మీద అతన్ని సంతకం పెట్టనివ్వకు. మీ ఆఫీసు కాగితమైనా సరే.

నీ పెదనాన్న