ఎగ్బతానాలో దొరికిన గ్రంథము

(పాఠ్యభాగము: ఎజ్రా 5:3 నుండి 6:12 వరకు)

ఈ భాగమును సాధారణముగా మందిర నిర్మాణమును గూర్చి బోధించుటకు వాడుదుము. ఈ నెల అందులోని మరియొక సంగతిని చూతము. ఒక పాత ఉత్తరువును ఎట్లు వెదకిరో, అది ఎక్కడ దొరికెనో అక్కడ వివరముగా వ్రాయబడియున్నది.

యెరూషలేములో పెద్దలు మందిరము కట్టుచుండగా అధికారియైన తత్తెనై వచ్చి, ఎవరి సెలవు చొప్పున కట్టుచున్నారని అడిగెను. కోరెషు రాజు తన యేలుబడి మొదటి సంవత్సరమున సెలవిచ్చెనని వారు చెప్పిరి. చేతిలో కాగితము లేదు. సుమారు 18 సంవత్సరముల నాటి మాట. తత్తెనై ఆ మాటను ఊరక నమ్మనూ లేదు, త్రోసివేయనూ లేదు. వారు చెప్పినది చెప్పినట్టు వ్రాసి, రాజుగారి ఖజానాలో వెదకించి చూడవలెనని పంపెను. (ఇట్టి అధికారి దొరకుట ఈ దినములలోను కొంచెము అరుదే.) దర్యావేషు బబులోనులో వెదకించెను. గ్రంథము దొరికినది బబులోనులో కాదు, మాదీయుల దేశములోని ఎగ్బతానాలో. పెద్దలు చెప్పినదానికి అది సరిపోయెను. వారు చెప్పని సంగతులు కూడ, అనగా మందిరపు కొలతలు, ఖర్చు రాజు ఇంటినుండి ఇయ్యవలెనన్న ఆజ్ఞ, అందులో నుండెను.

ఇది మనకేల అందురేమో. మన వైరా మొదలుకొని భద్రాచలము అడవి వరకు నున్న సంఘములలో పోడు భూమి చేసికొని బ్రదుకుచున్న కుటుంబములు ఎన్నియో కలవు. 2023లో పట్టాలు పంచినప్పుడు పొందినవారును, పొందనివారును మనలో నున్నారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము గిరిజనులు 2005 డిసెంబరు 13కు ముందునుండి ఆ భూమిలో ఉన్నట్టు చూపవలెను. గిరిజనులు కానివారైతే, ఆ తేదీకి ముందు మూడు తరములు, అనగా 75 సంవత్సరములు, అడవిలో నివసించి దానిమీద ఆధారపడి బ్రదికినట్టు కూడ చూపవలెను. లెక్క వేసి చూడుడి: అది 1930వ సంవత్సరమునకు పోవును. ఆనాటి కాగితము మన ఇండ్లలో ఎవరి పెట్టెలో నున్నది? కాబట్టి సంఘ కార్యదర్శులు, ఉపాధ్యాయులు, చదువుకొన్న యువకులు వెదకుటను ఒక పనిగా నేర్చుకొనవలెను. వడ్రంగము నేర్చినట్లే దీనినీ నేర్చుకొనవచ్చును.

మొదటి సంగతి, మన ఎగ్బతానా ఎక్కడనో తెలిసికొనుట. 1930లో వైరా ప్రాంతము నిజాము రాజ్యములో వరంగల్లు జిల్లా క్రింద నుండెను. గోదావరి అవతలి భద్రాచలము మద్రాసు ప్రభుత్వము క్రింద, తూర్పు గోదావరి జిల్లాలో నుండెను. ఇవతలి ఒడ్డున బూర్గంపహాడు నిజాముది. ఒకే యేటి నీళ్లు త్రాగినవారికి రెండు కచ్చేరీలు, రెండు భాషల కాగితములు. అంతకుముందు 1874 వరకు భద్రాచలము మధ్యపరగణాలలో నుండెను. ఖమ్మము జిల్లా 1953 అక్టోబరు 1న ఏర్పడెను. భద్రాచలము 1959లో గాని అందులో చేరలేదు. 2014లో గోదావరి వెంబడి కొన్ని మండలములు ఆంధ్రప్రదేశ్‌కు పోయెను; 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వేరాయెను.

కాబట్టి దుమ్ముగూడెము సోదరుడు తన తాతగారి నాటి రికార్డు ఖమ్మములో అడిగి, లేదని విని, ఇంటికి వచ్చి కూర్చుండరాదు. అది కాకినాడలోనో చెన్నైలోనో ఉండవచ్చును. అట్లే మన వైపు భూములకు 1954–55 నాటి ఖాస్రా పహాణి పునాది వంటిది. తహసీలుదారు కార్యాలయములో మొదట దానినే అడుగవలెను. భద్రాచలము వైపు వెళ్లి ఖాస్రా పహాణి అడిగిన ప్రయోజనము లేదు. ఆ సంవత్సరమున వారు హైదరాబాదు రాష్ట్రములో లేరు, ఆంధ్ర రాష్ట్రములో నుండిరి. అక్కడ అడంగలు అడుగవలెను. నిజాము కాలపు ఉర్దూ, పారసీ కాగితములు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాతన పత్రాలయములో నున్నవి. 1951 జనాభా లెక్కల పుస్తకములలో మన గ్రామములను వరంగల్లు జిల్లాలో వెదకవలెను. 1961 నాటికి ఖమ్మము జిల్లా పుస్తకములో వైరాయు భద్రాచలమును రెండును దొరకును.

పాత కాగితముపై 1350 ఫసలీ అని చూచి అది ఏ కాలమో తెలియక ప్రక్కన పెట్టువారున్నారు. ఫసలీకి 590 కలుపుడి, 1940–41 వచ్చును. హిజ్రీ సంవత్సరమునకు ఈ లెక్క కుదరదు గనుక ఏది వ్రాసియున్నదో ముందు చూచుకొనుడి.

ఇక చేతిలోని ఫోను మాట. దీనిని నిందించుట మన ఉద్దేశము కాదు. లండనుకో మద్రాసుకో పోయి చూడవలసిన పుస్తకములు అనేకము ఇప్పుడు అందులో ఊరకనే చదువవచ్చును. జనాభా లెక్కల శాఖ పాత సంపుటములు, హెమింగ్వే దొరగారి గోదావరి జిల్లా గెజెటీరు, ఇండియన్ ఆంటిక్వెరీ పత్రిక సంచికలు అట్లు దొరకును. అయితే అడుగు విధము తెలియవలెను. "మా ఊరి చరిత్ర" అని అడిగిన ఏమియు రాదు. ఊరి పేరుతో ఆనాటి తాలూకా పేరు చేర్చుడి. పాత ఇంగ్లీషు పుస్తకములలో భద్రాచలము అను పేరులో ఎల్ అక్షరము రెండుమారులు వ్రాసిరి. కోయలను "కోయి" అనిరి. ఖమ్మమును "ఖమ్మంమెట్టు" అనిరి. ఒక వర్ణక్రమముతో దొరకనిది మరియొకదానితో దొరకును.

అడిగిన వెంటనే జవాబు అల్లి చెప్పు యంత్రములు ఇప్పుడు ఫోనులోనికి వచ్చినవి. అవి లేని పుస్తకమునకు పేజీ నంబరు కూడ చెప్పగలవు. ఏ పుస్తకము, ఏ పేజీ అని అడుగుడి. ఆ పేజీని మీ కన్నులతో చూచువరకు దానిని సాక్ష్యముగా వ్రాయకుడి.

పదిమంది చెప్పిరి గనుక నిజమే అనుకొనుట మరియొక చిక్కు. దుమ్ముగూడెములో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ దొరగారు 1876లోను, 1879లోను ఇండియన్ ఆంటిక్వెరీలో ఈ ప్రాంతపు కోయలను గూర్చి వ్రాసిరి. థర్‌స్టన్ దొర 1909లో అచ్చువేసిన ఏడు సంపుటముల కులముల గ్రంథములో, కోయలను గూర్చిన భాగమున కెయిన్ మాటలను విస్తారముగా ఎత్తి వ్రాసెను. తరువాతివారు థర్‌స్టన్‌ను చూచి వ్రాసిరి. ఇప్పుడు అదే మాట ఐదు పుస్తకములలో కనబడిన సాక్షులు ఐదుగురా? ఒక్కడే, కెయిన్. వాట్సాపులో నూరుమంది పంపిన కబురును కూడ ఇట్లే లెక్కింపవలెను. మొదట చూచి చెప్పినవాడెవడు, అతనికి ఎట్లు తెలిసెను అన్నదే ప్రశ్న.

ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీద సంగతి స్థిరపడవలెనని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో చదువుదుము. విచిత్రమేమనగా అటవీ హక్కుల నియమములలో 13వ నియమము కూడ ఒకటికంటె ఎక్కువ ఆధారములను చూడవలెననుచున్నది. అక్కడ ఏవి సాక్ష్యములనిరో వినుడి: ప్రభుత్వ రికార్డులు, జనాభా లెక్కలు, ఓటరు కార్డు, ఇంటిపన్ను రసీదు; కట్టిన గట్లు, ఇండ్లు; పాత బావులు, సమాధి స్థలములు, పవిత్ర స్థలములు; వంశావళి; దావా వేసినవాడు గాక మరియొక పెద్ద చెప్పగా వ్రాసికొన్న వాంగ్మూలము. ఫలాని కాగితమే తేవలెనని కమిటీ పట్టుబట్టరాదనియు, ఉపగ్రహపు చిత్రము తోడు సాక్ష్యమే గాని మిగతావాటికి బదులు కాదనియు 2012లో చేర్చిరి. మన సమాధుల తోటలో సంవత్సరము చెక్కిన రాళ్లను పోయిన ఈస్టరుకు సున్నము వేసి చెరిపివేసిన చోట్లు చూచితిమి. ఆ పని మానుడి. ముందు ఫోటో తీయుడి. బాప్తిస్మపు రిజిష్టరులో తలిదండ్రుల పేర్లతోబాటు ఊరి పేరు వ్రాసియుండును. అదియు భద్రము చేయుడి.

వృద్ధులను అడుగుట ఒక విద్యయే. "తాతా, నీవు 1930కి ముందే ఇక్కడ ఉంటివి కదా" అని అడిగిన, పాపము, మన మేలు కోరి అవుననును. ఆ అవును దేనికిని పనికిరాదు. వైరా చెరువు కట్టకముందా తరువాతనా, పోలీసు యాక్షను నాటికి నీవు పశువులు కాచుచుంటివా, గోదావరి 1986లో పొంగినప్పుడు ఈ గట్టు ఉండెనా అని అడుగుడి. తానే చూచినది, తన తండ్రి చెప్పగా విన్నది వేరువేరుగా వ్రాయుడి. అతని మాటలను సరిదిద్దకుడి. "గప్పుడు" అనిన "గప్పుడు" అనియే వ్రాయుడి. మరల చదివి వినిపించి, తేదీ వేసి, వ్రేలిముద్ర తీసికొనుడి. తత్తెనై చేసినది ఇదియే.

వెదకి దొరకని చోటును కూడ నోటుపుస్తకములో వ్రాయుడి: ఏ తేదీన, ఏ కార్యాలయములో, ఏ సంవత్సరపు రిజిష్టరు అడిగితిమి, ఏమనిరి. తరువాత వెళ్లువాడు అదే బస్సు మరల ఎక్కనక్కరలేదు. లేదనిన మాటను నోటితో విని రాకుడి. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టిన 30 దినములలో జవాబు ఇయ్యవలెను. ఆ జవాబు కాగితమును దావాతోబాటు జతచేయవచ్చును.